కొండ వెనక ఏరుంది!

మదనపల్లె చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా ఓ పిల్లాణ్ని పిలిచి, కాగితం, పెన్సిలూ చేతికిచ్చి ఏరు బొమ్మ గీయమనండి. రెండు గట్లు గీస్తాడు. మధ్యలో చుక్కలు పెట్టి ఇసుక అంటాడు. ఓ పక్క కంపచెట్టు, ఇంకో పక్క ట్రాక్టరు. మరి నీళ్లేవిరా అంటే మనల్నే వింతగా చూస్తాడు. తప్పు వాడిది కాదు. వాడు పుట్టాక ఏట్లో నీళ్లు పారిన రోజుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాడి దృష్టిలో నీళ్లంటే బోరు. అదీ వెయ్యి అడుగులు దించితే, అదృష్టం బాగుంటే!

అలాంటి సీమలోనే, మదనపల్లె నుంచి మూడు గంటల ప్రయాణంలో, ఏనుగులు గుంపుగా దిగి నీళ్లాడే ఏరు ఒకటుందంటే నమ్ముతారా? అడవిలో సాగినంత మేర దాని ఒడ్డున ఊరు లేదు. అక్కడ దాని మీద వంతెన లేదు. కొన్నిచోట్ల కాలిబాట కూడా లేదు. మన దగ్గర నదీ యాత్ర అనగానే పాపికొండల లాంచీయో, భవానీ ద్వీపం బోటో గుర్తొస్తాయి. పడమటి మండలాల వెనక దాక్కున్న కౌండిన్య, కైగల్ ఏళ్ల సంగతి పక్క జిల్లా వాళ్లకే సరిగా తెలీదు.

పదండి, చూసొద్దాం.

ఒక వాన... రెండు దారులు

ముందు ఈ నేల సంగతి కొంచెం తెలుసుకోవాలి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం... ఉమ్మడి చిత్తూరు జిల్లాలో వీటిని పడమటి మండలాలంటారు. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉన్న పీఠభూమి ఇది. అందుకే మదనపల్లెలో మే నెల రాత్రి కూడా దుప్పటి వెతుక్కోవాలనిపిస్తుంది. ఎత్తు చల్లదనాన్నిచ్చింది కానీ నీళ్లను నిలవనీయలేదు. పైన పడ్డ నీళ్లు కిందికి పోవాల్సిందేగా!

ఆ పోయే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. మదనపల్లె మీదుగా వెళ్లే బాహుదా ఉత్తరానికి తిరిగి, చెయ్యేరులో చేరి, పెన్నలో కలుస్తుంది. పలమనేరు, బైరెడ్డిపల్లె వైపు పడ్డ నీళ్లు మాత్రం దక్షిణానికి జారి పాలారును వెతుక్కుంటాయి. అంటే ఒకే మబ్బులోంచి రాలిన రెండు చినుకుల్లో ఒకటి నెల్లూరు దాటి సముద్రాన్ని చూస్తే, రెండోది చెన్నైకి దిగువన కల్పాక్కం పక్కన తేలుతుంది.

ఉత్తరానికి పోయే నీళ్లకు దారంతా ఊళ్లే, చెరువులే. ఎవరికి అందినంత వాళ్లు పట్టుకుంటారు. దక్షిణానికి జారే నీళ్లకు మాత్రం కౌండిన్య అడవి అడ్డం వస్తుంది. పలమనేరు దగ్గరి ఎత్తు నుంచి తమిళనాడులోని గుడియాత్తం మైదానానికి నేల సుమారు 400 మీటర్లు దిగిపోతుంది. అంత దిగుడూ లోయలూ, బండలూ, వెదురు పొదలే. అక్కడ మడికట్టి సేద్యం చేద్దామన్నా కుదరదు. కాలువ తవ్వుదామన్నా నిలవదు. మనిషికి పనికిరాలేదు కాబట్టే ఆ ఏరు ఏరుగా మిగిలింది.

అన్నట్టు, ఈ ప్రాంతంలో ‘నది’ అన్న మాట పెద్దగా వినపడదు. చిన్నదైతే వంక, పెద్దదైతే ఏరు. ‘కౌండిన్య నది ఎక్కడ?’ అని అడిగితే కాసేపు ఆలోచిస్తారు. ‘ఏరు యాడుంది?’ అంటే వెంటనే చెయ్యి చూపిస్తారు. తమిళనాడులో అడుగుపెట్టగానే ఇదే ఏరు ‘కౌండిన్య మహానది’ అయిపోతుంది!

పుంగనూరు మీదుగా

మదనపల్లె నుంచి పుంగనూరు సుమారు పాతిక కిలోమీటర్లు. దారికి రెండు పక్కలా టమోటా తోటలు. ధర ఉన్న నెలలో ఈ రోడ్డు మీద లారీలకు దారివ్వడమే సరిపోతుంది. ధర పడిపోయిన నెలలో అవే కాయలు రోడ్డు పక్కన ఎర్రగా కుప్పలు పడి ఉంటాయి. ఆ కథ మరోసారి.

పుంగనూరు అనగానే అందరికీ పొట్టి ఆవు గుర్తొస్తుంది. మీటరు ఎత్తు కూడా లేని ఈ ఆవు 2024 సంక్రాంతికి ప్రధాని ఇంటి ఫొటోల్లో కనపడి దేశమంతా పేరు తెచ్చుకుంది. ఫొటోల్లో ముద్దుగా ఉంటుంది నిజమే. కానీ అది అలా పొట్టిగా ఎందుకుందో ఈ నేలను చూస్తే అర్థమవుతుంది. ఎండుగడ్డి నాలుగు పోచలు, కడవెడు నీళ్లు... వాటితోనే బతికి, చిక్కటి పాలివ్వాలి. కరవు నేలకు సరిపడా కొలతలతో తయారైన జంతువది. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం ఈ జాతిని కాపాడుతోంది.

ఆ పొట్టి ఆవు ఉన్న సీమలోకే దేశంలోకెల్లా పెద్ద జంతువు కాపురానికొచ్చింది. రోజుకు నూటయాభై కిలోల మేత, నూటయాభై లీటర్లకు పైగా తాగునీళ్లు కావాల్సిన జంతువు. ఈ కరవు సీమలో దానికేం పని? ఆ ప్రశ్నకు జవాబు కౌండిన్య అడవిలోనే ఉంది.

దుముకురాళ్ల దగ్గర

పలమనేరు నుంచి కుప్పం వెళ్లే రోడ్డులో బైరెడ్డిపల్లె మండలం కైగల్ దగ్గర దిగి, రోడ్డు వదిలి రెండు రెండున్నర కిలోమీటర్లు లోపలికెళ్లాలి. కుప్పం వాళ్లకైతే ఇది ఉత్తరాన ఉన్న అడవి. మొదట చేలు, మామిడి తోటలు. ఆ తర్వాత నేల రంగు మారుతుంది. ఎర్రమట్టి పోయి బండరాయి తేలుతుంది. ఇంకాస్త ముందుకెళ్తే చప్పుడు వినపడుతుంది. నీటి చప్పుడులా ఉండదది. ఎవరో పైనుంచి రాళ్లు దొర్లిస్తున్నట్టు ‘దుముదుమా’ అంటూ ఉంటుంది. అందుకే ఈ జలపాతానికి దుముకురాళ్లు అని పేరు. బోర్డు మీద కైగల్ జలపాతమని రాసినా, చుట్టుపక్కల ఊళ్ల వాళ్ల నోట్లో మాత్రం దుముకురాళ్లే.

ఎత్తు నలభై అడుగులే. తలకోన చూసిన కళ్లకు ఇది చిన్నదే. కానీ తలకోనలో నీళ్లు కొండ మీంచి ఒంటిగా జారతాయి. ఇక్కడ అలా కాదు. ఏరు ఏరంతా ఒక పెద్ద బండ మీదికొచ్చి, రెండుమూడు పాయలుగా చీలి, తోసుకుంటూ కిందికి దూకుతుంది. కింద నీళ్లు రాతిని తొలిచి గుండాలు చేశాయి. చుట్టూ పచ్చటి చెట్లు. ఎండాకాలంలో కూడా సన్నటి ధారైనా ఉంటుందని దీనికి పేరు. శివరాత్రికి ఇక్కడి శివుణ్ని చూడ్డానికి జనం తరలివస్తారు.

మిగతా రోజుల్లో ఆదివారం వస్తే చాలు, కుర్రాళ్ల బైకులు బారులు తీరతాయి. ఆ గుండాల్లో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లున్నారు. పైకి మోకాటి లోతులా కనపడే నీళ్ల కింద రాతి గొయ్యి ఎంత లోతుందో తెలీదు. నాచు పట్టిన బండ మీద కాలు నిలవదు. కూల్‌డ్రింకు సీసాలు, బిర్యానీ ప్యాకెట్ల సంగతి చెప్పక్కర్లేదు. జలపాతం వరకే మనిషి రాజ్యం అనుకుంటే, ఆ రాజ్యాన్ని మనం చక్కగా ఏమీ ఏలడం లేదు.

అసలు ఏరు మొదలయ్యేది అక్కణ్నుంచే. జలపాతం దాటి నీళ్లు అడవిలోకి మళ్లుతాయి. మేం వెళ్లిన రోజు మబ్బు పట్టి ఉంది. వెంట వచ్చిన అటవీ సిబ్బందిలో ఒకాయన బండల మీద చకచకా నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఇసుకలో బేసినంత గుంత. దాని పక్కన ఇంకోటి. ‘‘రాత్రి దిగిండాయన్నా. పిల్ల కూడా ఉండాది’’ అని పక్కనే చిన్న అడుగును చూపించాడు. గాలిలో పచ్చి వెదురు వాసన. విరిగిన కొమ్మ తొడిమె దగ్గర ఇంకా తడి ఉంది. ‘‘ఈడికి చాలన్నా, పోదాం’’ అన్నాడు. అడవిలో పాతికేళ్లు తిరిగిన మనిషి చాలంటే చాలు. మారు మాట్లాడకుండా వెనక్కొచ్చాం.

ఏనుగు కనపడలేదు కదా అని బాధపడనక్కర్లేదు. ఈ ఏటి దగ్గర కంటే చెవికే పని ఎక్కువ. కోతులు కీచుమంటాయి. ఎక్కడో నెమలి. ఇంకెక్కడో వెదురు ఫట్‌మని విరుగుతుంది. అది గాలికి విరిగిందో, తొండానికి విరిగిందో చెప్పేవాళ్లు పక్కన లేకుండా ఈ అడవిలో అడుగు పెట్టకూడదు.

రెండొందల ఏళ్ల తర్వాత

ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు రెండువందల ఏళ్లపాటు అడవి ఏనుగు లేదు. ఉన్నవల్లా గుడి ఏనుగులూ, సర్కస్ ఏనుగులే. అయితే అంతకుముందు ఇక్కడ వాటి సంచారం ఉండేదేమో అనిపించే పేరొకటి మదనపల్లె పక్కనే ఉంది. ఇప్పుడు అందరూ హార్సిలీ హిల్స్ అంటున్న కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఆ కొండ మీద మల్లమ్మ అనే ఆమెను ఏనుగులు కనిపెట్టుకుని ఉండేవనీ, కొండజాతుల వాళ్లకు జబ్బు చేస్తే ఆమె నయం చేసేదనీ కథ. ఆ తర్వాత దొర హార్సిలీ వచ్చి బంగళా కట్టుకున్నాడు. మల్లమ్మ పేరు గుడికే మిగిలింది. ఏనుగులు కథలోనే మిగిలిపోయాయి.

1980లలో కథ తిరగబడింది. కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల్లోని ఆనేకల్, హోసూరు అడవుల్లో కరవొచ్చింది. అడవి కూడా తరిగిపోతోంది. అక్కడి ఏనుగుల గుంపులు కొన్ని మేతా, నీళ్లూ వెతుక్కుంటూ తూర్పుకు నడిచాయి. ఏనుగుల గుంపుకు నాయకత్వం వహించేది పెద్ద వయసు ఆడ ఏనుగు. ఏ ఎండాకాలంలో ఎక్కడ మడుగు ఉంటుందో గుర్తుపెట్టుకుని మిగతావాటిని నడిపించేది అదే. అలా నడిచి నడిచి అవి ఆగింది కౌండిన్య, కైగల్ ఏళ్లున్న ఈ లోయల్లోనే. మనకు పనికిరాదనుకున్న ఏరు వాటికి ప్రాణాధారమైంది.

మొదట్లో కుప్పం వైపు పల్లెల్లో జనం హారతులిచ్చారట. వినాయకుడే నడిచొచ్చాడని కొబ్బరికాయలు కొట్టిన వాళ్లున్నారంటారు. ఆ వినాయకుడు ఓ రాత్రి చెరకు తోటలో దిగాక గానీ అసలు సంగతి తెలిసిరాలేదు.

ప్రభుత్వం 1990లో ఇక్కడ 357 చదరపు కిలోమీటర్ల అడవిని కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2003లో దీన్ని కలుపుకుని 766 చదరపు కిలోమీటర్లతో రాయల ఏనుగుల రిజర్వు ఏర్పడింది. కాగితం మీద గీత గీయడం తేలికే. అయితే ఆ గీత ఏ ఆకారంలో ఉందన్నదే ముఖ్యం. ఈ అడవి గుండ్రంగా, లోతుగా ఉన్నది కాదు. రాష్ట్ర సరిహద్దు వెంట పొడుగ్గా, సన్నగా సాగిన తోకలాంటిది. లోపల ఏనుగు కాస్త పక్కకి తిరిగినా పొలంలో తేలుతుంది.

మడుగు ఎండితే...

ఈ ఏళ్లు జీవనదులు కావు. నైరుతి రుతుపవనాలు ఇక్కడికొచ్చేసరికి అలిసిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో లేచే తుపానులే వీటికి ఆధారం. ఒక్క తుపానుకే ఏరు ఒడ్డులు తెంచుకుంటుంది. 2021 నవంబరు వానలకు కౌండిన్య ఎంత ఉగ్రంగా దిగిందంటే, అడవి దాటాక గుడియాత్తంలో ఏటి గట్టునున్న ఇళ్లు నీళ్లలో మునిగాయి. నాలుగు నెలలు గడిస్తే అదే ఏరు ఇసుకలోకి ఇంకిపోతుంది. అప్పుడు మిగిలేవి మడుగులే.

అడవి బతికేది ఆ మడుగుల మీద. ఫిబ్రవరి దాటాక జింకలు, కణుజులు, ఎలుగుబంట్లు, చిరుతలు అన్నీ వాటి చుట్టూనే తిరుగుతాయి. మడుగు కూడా ఎండితే ఏనుగే బావి తవ్వుతుంది. ముందుకాలితో, తొండంతో ఇసుకను తోడి చెలమ చేసి, ఊరిన నీళ్లు తాగి వెళ్లిపోతుంది. ఆ చెలమలోనే తర్వాత మిగతా జంతువులన్నీ దాహం తీర్చుకుంటాయి. ఆ మధ్య మన పల్లెల్లో ఆడవాళ్లు ఏట్లో చెలమ తవ్వుకుని చిప్పతో నీళ్లు తోడుకున్న రోజులు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. అచ్చం అలాగే.

చెలమలో కూడా ఊట పడకపోతే? ఏనుగు అడవి దాటుతుంది. పొలంలో బోరు, దాని పక్కన తొట్టి, ఆ పక్కనే అరటి, చెరకు, రాగి చేను. ముప్పై అడుగుల దూరం నుంచే కాదు, కిలోమీటర్ల అవతల్నుంచి నీటి వాసన పసిగట్టే జంతువుకి ఇంతకంటే పిలుపేం కావాలి? అక్కడ మొదలవుతుంది గొడవ. ఓ రాత్రిలో ఏడాది పంట పోతుంది. డ్రిప్ పైపులు తెగుతాయి, మోటారు పెట్టె ముక్కలవుతుంది. ‘ఏనుగులు దిగిండాయి’ అన్న కేక వినపడితే ఆ పల్లెలో ఆ రాత్రి నిద్ర ఉండదు. డప్పులు, టపాకాయలు, టార్చిలైట్లు. అప్పు చేసి వేసిన పంటను కాపాడుకోవడానికి చీకట్లో మంచె మీద కూర్చున్న రైతుకు ఏనుగు అందం గురించి చెప్పడానికి ఎవరికైనా నోరు రాదు. తొండానికి చిక్కి ప్రాణాలు పోగొట్టుకున్న రైతులున్నారు. కరెంటు తీగలు తగిలి కూలిన ఏనుగులూ ఉన్నాయి.

అటవీ శాఖ కందకాలు తవ్వించింది. సోలార్ కంచె వేయించింది. ఏనుగు ఏం చేసిందో తెలుసా? కందకం గట్టును కాలితో తోసి పూడ్చి దాటింది. కంచె మీదికి చెట్టును పడదోసి దాన్ని తొక్కుకుంటూ నడిచింది. 2023 జూన్‌లో ఓ రాత్రి పలమనేరు మండలం భూతలబండ దగ్గర చిత్తూరు హైవే దాటుతున్న గుంపును కూరగాయల లారీ ఢీకొంది. మూడు ఏనుగులు అక్కడికక్కడే చనిపోయాయి. నీళ్లకో, మేతకో పోయే దారి మధ్యలో రోడ్డుందని వాటికి తెలియదు కదా. నిజానికి దారి వాటిదే, మధ్యలో వచ్చింది రోడ్డు.

ఊళ్లలోకొచ్చే ఏనుగుల్ని మళ్లించడానికి రామకుప్పం మండలం ననియాలలో శిక్షణ పొందిన ఏనుగులుండేవి. అవి చాలక 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం నాలుగు కుంకీ ఏనుగుల్ని మనకిచ్చింది. వాటికోసం పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం కట్టారు. ఊరి పేరు చూశారా? ముసలిమడుగు! ఒకప్పుడు ఆ మడుగులో మొసలి ఉండేదో, ఒడ్డున ముసలమ్మ ఉండేదో గానీ, ఆ పేరు పెట్టిననాడు అక్కడ ఏడాది పొడవునా మడుగు ఉండే ఉండాలి.

కుంకీలు మంచివే. పొలంలోకొచ్చిన ఏనుగును అడవిలోకి తోలతాయి. కానీ తోలిన ఏనుగు అడవిలో ఆగాలంటే అక్కడ నీళ్లుండాలి. అడవిలో ఊట చెరువులు, చిన్న చెక్‌డ్యాములు, తొట్లు ఎన్ని ఎక్కువుంటే పొలంలో రాత్రి కాపలా అంత తగ్గుతుంది. ఏరు ఎండకుండా చూడటమే ఇక్కడ అసలైన కంచె.

మూడు రాష్ట్రాల నీళ్లు

అడవి దాటాక కౌండిన్య తమిళనాడులో మోర్దానా డ్యాములో ఆగి, గుడియాత్తం పట్టణం మధ్యగా వెళ్లి పాలారులో కలుస్తుంది. కైగల్ నీళ్లు చేరేదీ పాలారులోకే. ఆ పాలారు కర్ణాటకలో నంది కొండల ప్రాంతంలో పుట్టి, 93 కిలోమీటర్లు అక్కడ, 33 కిలోమీటర్లు మన కుప్పం వైపు, 222 కిలోమీటర్లు తమిళనాడులో నడుస్తుంది. మన వాటా దూరం చిన్నది, తగువు మాత్రం పెద్దది. 1892 నాటి మద్రాసు–మైసూరు ఒప్పందాన్ని చూపించి తమిళనాడు అభ్యంతరం చెబుతుంది. గుక్కెడు నీళ్లు కూడా ఆపుకోనివ్వరా అని కుప్పం అడుగుతుంది. గణేశపురం దగ్గర డ్యాము కడతామన్నప్పుడు 2006లో ఒకసారి, చెక్‌డ్యాము ఎత్తు పెంచినందుకు 2016లో మరోసారి వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. ఇరువైపులా ఉన్నది కరవు రైతులే. ఏట్లో ఉన్నది మాత్రం ఇసుక!

తగువు సంగతెలా ఉన్నా, నీళ్ల తల్లి మాత్రం రెండు వైపులా ఒకటే. ఎండలు మండే మే నెలలో, ఏళ్లు ఎండిన వేళ, కుప్పంలో గంగమ్మ జాతర. అదే నెలలో కౌండిన్య ఒడ్డున గుడియాత్తంలోనూ గంగమ్మ శిరసు తిరునాళ్లు. ఒకచోట తెలుగులో మొక్కుతారు, ఇంకోచోట తమిళంలో. కోరేది ఒక్కటే.

ఇప్పుడు ఇంకో ఏరొచ్చింది, మనిషి తవ్విన ఏరు. హంద్రీ–నీవా కాలువ. శ్రీశైలం దగ్గర కృష్ణ నీళ్లను పంపులతో ఎత్తి, రాయలసీమంతా తిప్పి మదనపల్లె, పుంగనూరు వైపు తెచ్చారు. పుంగనూరు కాలువ నుంచి కుప్పానికి 140 కిలోమీటర్లకు పైగా పిల్లకాలువ. 2024 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2025 ఆగస్టు 30న మరో ముఖ్యమంత్రి కుప్పం నియోజకవర్గంలో కృష్ణమ్మకు స్వాగతం పలికారు. ఎవరు ముందు తెచ్చారన్న వాదన టీకొట్ల దగ్గర ఇంకా నడుస్తోంది. అది వాళ్లకు వదిలేద్దాం. 700 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి నీళ్లు రావడం మాత్రం చిన్న విషయం కాదు. పరమసముద్రం చెరువు కట్ట మీద ఆ రోజు చేరిన జనాన్ని చూస్తే ఆ విలువ తెలుస్తుంది.

అయితే కాలువ నీళ్లకు అంకెలున్నాయి. ఎన్ని క్యూసెక్కులు, ఎన్ని చెరువులు, ఎన్ని ఎకరాలు అని లెక్క ఉంటుంది. అడవి ఏటికి ఆ లెక్క ఎవరూ కట్టరు. కాలువ వెంట చెరువులు నిండి, కొత్త చెరకు, కొత్త అరటి వచ్చాక వాటి వాసన అడవికి ఎంత దూరం పోతుందన్న లెక్క కూడా అందులో కలుపుకోవాలి.

వెళ్లాలనుకుంటే...

నవంబరు, డిసెంబరు నెలలు కైగల్‌కు మంచి కాలం. తుపాను హెచ్చరిక ఉన్న రోజు మాత్రం వద్దు. ఎగువన వాన పడితే ఏరు నిమిషాల్లో పెరుగుతుంది. మదనపల్లె నుంచి వచ్చేవాళ్లు పుంగనూరు, పలమనేరు మీదుగా రావాలి. రైల్లో వచ్చేవాళ్లకు చెన్నై–బెంగళూరు మార్గంలో కుప్పం స్టేషను దగ్గర. పలమనేరు, కుప్పం రెండుచోట్లా బస్సులు దొరుకుతాయి, రాత్రి బసకు లాడ్జీలున్నాయి. కైగల్ దగ్గర తినడానికి ఏమీ దొరకదనుకుని సద్ది కట్టుకుని బయల్దేరడం మేలు. రాగిసంగటి, చెనక్కాయల పచ్చడి అయితే ఇంకా బాగు.

జలపాతం వరకు ఎవరైనా వెళ్లొచ్చు. దాటి లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి, వెంట వాళ్ల మనిషి ఉండాల్సిందే. నాలుగు గంటలకల్లా వెనుదిరగండి. రంగురంగుల బట్టలు, పెర్ఫ్యూములు, సెల్లులో పాటలు వద్దు. తిరిగొచ్చేటప్పుడు పొద్దువాలితే పలమనేరు రోడ్డు మీద కారు నెమ్మదిగా నడపండి. ముందు వెళ్లే బండివాళ్లు లైట్లు ఆర్పి ఆగిపోతే హారను కొట్టకండి. మీరూ ఆగండి. ఏటికి నీళ్లకు దిగేవాళ్లు రోడ్డు దాటుతూ ఉంటారు.